జోర్డాన్ ఎడారి కోటలకు అరబిక్ విద్యార్థుల బృందయాత్ర: హైదరాబాద్ నుంచి ఎలా సిద్ధం కావాలి

హైదరాబాద్‌లో అరబిక్ చదివేవారికి గల్ఫ్ దేశాల పేర్లు కొత్త కావు. దుబాయిలోనో, మస్కట్‌లోనో, కువైట్‌లోనో పనిచేస్తున్న బంధువో స్నేహితుడో లేని ఇల్లు తక్కువ. అందుకే తరగతిలో విదేశీ యాత్ర మాట రాగానే అందరి ఆలోచనా అటే పోతుంది. కానీ భాష చదువుకునేవారు, అందులోనూ లిపి చరిత్ర మీద ఆసక్తి ఉన్నవారు, తొలి ప్రయాణానికి జోర్డాన్‌ను ఎంచుకోవాలని నేను గట్టిగా చెబుతాను. రాజధాని అమ్మాన్ నుంచి ఒక్క రోజులో వెళ్లి రాగల దూరంలో ఇస్లాం తొలి రాజవంశమైన ఉమయ్యద్ ఖలీఫాల కాలం నాటి కట్టడాలు ఎడారిలో నిలిచి ఉన్నాయి. వాటి గోడల మీద ఎనిమిదో శతాబ్దపు అరబిక్ రాత ఇప్పటికీ కనిపిస్తుంది. దక్షిణాన కొండల్లో చెక్కిన ప్రాచీన నగరం పెట్రాలోనూ, వాదీ రమ్ అనే ఎడారి లోయలోనూ అంతకు ముందుకాలపు లిపులు రాళ్ల మీద ఉన్నాయి.

ఇక్కడ ఇస్తున్న సూచనలన్నిటికీ ఆధారం ఒక్కటే. భాషా విద్యార్థులు తమ యాత్రను చదవవలసిన రాతల చుట్టూ అల్లుకోవాలి. చూడవలసిన స్థలాల జాబితా ఆ తరువాతి విషయం. రోజుకు ఆరు చోట్లకు పరుగెత్తి ప్రతిచోటా ఫొటోలు దిగి రావడం ఏ ట్రావెల్స్ వారైనా చేయించగలరు. ఒక గోడ ముందు గంటసేపు నిలబడి, రెండు పంక్తులను కూడబలుక్కుని చదివే అవకాశం మాత్రం బృందం తనకు తానుగా ఏర్పాటు చేసుకుంటేనే దొరుకుతుంది.

బృందం కూర్పు

పది నుంచి పద్నాలుగు మంది వరకు సరిపోతారు. అంతకు మించితే ఒక వాహనంలో పట్టరు. ఎడారి కట్టడాల లోపలి గదులు చిన్నవి కనుక అందరూ ఒకేసారి నిలబడి చూడటం కూడా కుదరదు. పాఠం చెప్పే సార్ గానీ మేడమ్ గానీ వెంట రాగలిగితే మంచిదే, అయితే ప్రయాణం బాధ్యతంతా వారి మీద వేయడం న్యాయం కాదు. డబ్బు లెక్కలు ఇద్దరు, వాహనం, బసల సంగతి ఇద్దరు, మందులు, నీళ్ల సంగతి ఒకరు చూసుకుంటే, ఉపాధ్యాయులకు చదువు చెప్పే వీలుంటుంది.

జతలు కట్టే విషయంలో మన నగరానికి ఒక సౌలభ్యం ఉంది. ఇఫ్లూలో (ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) చూసినా, ఉస్మానియాలో చూసినా, అరబిక్ తరగతుల్లో రెండు రకాల విద్యార్థులు కనిపిస్తారు. ఇంట్లో ఉర్దూ ఉన్నవారికి అక్షరాలు చిన్ననాటి నుంచి పరిచయం. వారు పదాన్ని దాని ఆకారం చూసి చటుక్కున పట్టేస్తారు, కానీ ఒక్కోసారి ఉర్దూలోని అర్థాన్నే అరబిక్‌కు అంటగడతారు. తెలుగు మాధ్యమంలో చదివి, కాలేజీకి వచ్చాక అలిఫ్ దిద్దినవారు నెమ్మదిగా, అక్షరం అక్షరం కూడగట్టుకుని చదువుతారు. పాత శాసనం చదవడానికి ఈ రెండు అలవాట్లూ అవసరమే కనుక, ప్రతి జతలోనూ ఇద్దరూ ఉండేటట్టు చూడాలి. స్నేహితులు స్నేహితులతోనే ఉంటామని పట్టుబట్టినా ఈ విషయంలో మెత్తబడకూడదు.

బయలుదేరే ముందు హైదరాబాద్‌లో చేయవలసిన చదువు

యాత్ర ఫలిస్తుందా లేదా అన్నది చాలావరకు ఇక్కడే తేలిపోతుంది. కనీసం రెండు నెలల ముందు నుంచి ఆదివారాలు కేటాయించుకోవాలి.

మొదటి అభ్యాసానికి ఇబ్రహీంబాగ్‌లోని కుతుబ్‌షాహీ సమాధులకు మించిన చోటు లేదు. అక్కడి నల్లరాతి సమాధి ఫలకాల మీద ఖురాన్ వాక్యాలను ఎంతో నైపుణ్యంతో చెక్కారు. వాక్యం ముందే తెలిసినా, అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి, ఖాళీ ఉన్నచోటల్లా సర్దుకుని ఉండటం వల్ల ఏ పదం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో పోల్చుకోవడానికి కన్ను అలవాటు పడాలి. ఒక్కో జతా ఒక ఫలకాన్ని ఎంచుకుని, దాన్ని ముట్టుకోకుండా, నోట్‌బుక్‌లో పంక్తుల వారీగా బొమ్మ గీసుకుని, ఆ బొమ్మ కింద తాము చదివిన పాఠాన్ని రాసుకోవాలి. చదవలేకపోయిన చోట ఊహించి నింపకుండా ఖాళీ వదలడం ఇక్కడే నేర్చుకోవాలి. ఫొటో తీసుకుంటే సరిపోదా అని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. సరిపోదు, చేత్తో గీసినప్పుడే అక్షరం ఎటు నుంచి ఎటు తిరిగిందో మనసుకు ఎక్కుతుంది.

రెండో అభ్యాసం చుక్కలు లేని రాత. తొలి శతాబ్దాల అరబిక్ శాసనాల్లో అక్షరాలకు చుక్కలు చాలావరకు ఉండవు. బా, తా, సా, నూన్, యా అనే ఐదు అక్షరాలూ పదం మధ్యలో ఒకే చిన్న పన్నులా కనిపిస్తాయి. జీమ్, హా, ఖా మూడూ ఒకే ఆకారంలో ఉంటాయి. పాఠ్యపుస్తకంలోని ఒక పేరాను చుక్కలన్నీ తీసేసి తిరిగి రాసి, జతలు ఒకరిది ఒకరు మార్చుకుని చదవాలి. మొదట్లో ఇది అసాధ్యమనిపిస్తుంది, కానీ పదాల మూలధాతువులు, వ్యాకరణం తెలిసినవారికి కొద్ది వారాల్లోనే దారి దొరుకుతుంది. క్లాసులో విసుగ్గా వల్లెవేసిన క్రియారూపాలు దేనికి పనికొస్తాయో నాకు తెలిసి ఇంత స్పష్టంగా చూపించే అభ్యాసం మరొకటి లేదు.

సంఖ్యావాచకాలను కూడా గట్టిగా చదువుకోవాలి. పాత శాసనాల్లో సంవత్సరాన్ని మాటల్లో రాస్తారు, ఒకట్లు ముందు, పదులు తరువాత వస్తాయి. హిజ్రీ (ఇస్లామిక్ చాంద్రమాన) సంవత్సరాన్ని క్రీస్తుశకంలోకి మార్చడం కూడా అందరికీ రావాలి. హిజ్రీ ఏడాది మన లెక్కకు పది పదకొండు రోజులు తక్కువ కాబట్టి కేవలం 622 కలిపితే సరిపోదు.

ఇక మాట్లాడే భాష. తరగతిలో నేర్పే ప్రామాణిక అరబిక్ జోర్డాన్‌లో అందరికీ అర్థమవుతుంది, కానీ వారు తిరిగి చెప్పే జవాబు మనకు అర్థం కాదు. 'నాకు కావాలి' అనడానికి మనం ఉరీదు అంటాం, వారు బిద్దీ అంటారు. 'ఏమిటి' అనడానికి షూ అంటారు. ధర అడిగే మాటలో ఖాఫ్ అక్షరం అమ్మాన్‌లో ఒకలా, ఎడారి సంచార తెగలైన బెదూయిన్ల నోట గకారంలా మరోలా వినిపిస్తుంది. ఇలాంటి మాటలు ఓ వంద ముందుగా వింటూ నేర్చుకోవాలి. హైదరాబాద్ పాతబస్తీ వైపున్న బార్కస్‌లో యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం సైన్యంలో పనిచేసినవారి సంతతి కుటుంబాలున్నాయి. అక్కడి పెద్దలతో కూర్చుని మాట్లాడితే, అది యెమెన్ వైపు యాస అయినా, పుస్తకం బయటి అరబిక్‌కు చెవి తెరుచుకుంటుంది.

కాలం, కాగితాలు, డబ్బు

మార్చి, ఏప్రిల్ నెలలు గానీ, అక్టోబరు, నవంబరు నెలలు గానీ అనువైనవి. వసంతంలో ఖమాసీన్ అనే దుమ్ముగాలి వీచే రోజులుంటాయి; శరదృతువు చివర్లో ఉన్నట్టుండి వాన పడితే ఎడారి లోయల్లో వరద ముంచుకొస్తుంది. 2018 నవంబరులో పెట్రా నుంచి వేలమంది పర్యాటకులను అలాంటి వరద వల్లనే బయటికి పంపవలసి వచ్చింది. రంజాన్ నెలలో కట్టడాల వేళలు కుదించడం, పగలు హోటళ్లు మూసి ఉండటం సాధారణం కనుక, బృందంలోని వారందరి ఇష్టం కనుక్కున్నాకే ఆ నెలను ఎంచుకోవాలి.

హైదరాబాద్ నుంచి అమ్మాన్‌కు సాధారణంగా గల్ఫ్ నగరాల్లో విమానం మారి వెళ్లాలి. ఆ ప్రాంతంలో ఉద్రిక్తతలు పెరిగినప్పుడు, 2024 ఏప్రిల్‌లోనూ 2025 జూన్‌లోనూ, జోర్డాన్ తన గగనతలాన్ని తాత్కాలికంగా మూసివేసింది. కాబట్టి తేదీ మార్చుకోగల టికెట్లు కొనడం, తిరుగు ప్రయాణానికి, పరీక్షలకు మధ్య కొన్ని రోజుల వ్యవధి ఉంచుకోవడం, మన విదేశాంగ శాఖ సూచనలను బయలుదేరే వారం వరకూ గమనించడం తప్పనిసరి. అప్పుడు పరిస్థితి బాగా లేకపోతే యాత్రను వాయిదా వేయాలి. దీనిలో ఓటింగు అవసరం లేదు.

వీసా నిబంధనలను ఢిల్లీలోని జోర్డాన్ రాయబార కార్యాలయం ద్వారా ధ్రువపరచుకోవాలి. జోర్డాన్ పాస్ అనే ఉమ్మడి టికెట్‌ను దేశంలో అడుగుపెట్టక ముందే కొని, అక్కడ కనీసం మూడు రాత్రులు ఉంటే పర్యాటక వీసా రుసుము మినహాయిస్తారు. పెట్రాతో పాటు ఎడారి కోటలు కూడా అందులోనే కలిసి వస్తాయి కనుక విద్యార్థులకు ఇది లాభం. పెట్రాలో ఎన్ని రోజులు గడుపుతారన్న దాన్నిబట్టి పాస్ ధర మారుతుంది. రెండు రోజులది తీసుకోమని నా సలహా.

సామానులో ఒక విషయం పెద్దలు సర్దేటప్పుడు దగ్గరుండి చూడాలి. ఇంటి మసాలా పొడుల్లో గసగసాలు ఉంటాయి. గల్ఫ్ దేశాల్లో గసగసాలు నిషిద్ధం. విమానం మారే ప్రయాణికుల సామానులో దొరికినా కేసు అవుతుంది. అలాగే కొన్ని నొప్పి మందులు, దగ్గు మందులు కూడా ఆ దేశాల్లో నియంత్రణలో ఉన్నాయి కాబట్టి, ప్రతి మందుకూ డాక్టరు చీటీ వెంట ఉంచుకోవాలి. డ్రోన్‌ను అనుమతి లేకుండా జోర్డాన్‌కు తీసుకువెళ్లకూడదు.

జోర్డాన్ దీనార్ విలువ డాలరు కన్నా ఎక్కువ, ఒక దీనార్‌కు సుమారు 1.41 డాలర్లు. వాడుకలో దీనార్‌ను లీరా అని కూడా అంటారు; దీనార్‌లో నూరో వంతు ఖిర్ష్. బజారులో ఐదు ఖిర్ష్‌లను షిలిన్ అనీ, పదింటిని బరీజా అనీ అనడం వింటారు. బృందం ఉమ్మడి డబ్బు నుంచి వాహనం, బస, రాత్రి భోజనం ఖర్చులు పెట్టి, మిగతావి ఎవరివి వారు పెట్టుకుంటే తగాదాలు రావు.

ఎడారి కోటల రోజు

అమ్మాన్ నుంచి తూర్పుగా అజ్రక్ వైపు పోయే దారిలోనే ఖరానా, అమ్రా, అజ్రక్ కోటలు వరుసగా వస్తాయి. వచ్చేటప్పుడు ఉత్తరపు దారిలో హల్లాబాత్ మీదుగా తిరిగి రావచ్చు. ఈ స్థలాలకు బస్సుల మీద ఆధారపడి వెళ్లడం కష్టం. డ్రైవరుతో సహా ఒక మినీబస్సును రోజంతటికీ మాట్లాడుకోవాలి. బేరం కుదిరేటప్పుడే ఎక్కడెక్కడ ఎంతెంతసేపు ఆగుతామో స్పష్టంగా చెప్పాలి, లేకపోతే డ్రైవరు ప్రతిచోటా ఇరవై నిమిషాలకే హారన్ కొడతాడు. దారి పొడవునా సైనిక స్థావరాలు ఉన్నాయి కనుక కదులుతున్న బస్సులోంచి కెమెరా బయటికి తీయకూడదు.

ఉదయం ఏడింటికల్లా బయలుదేరితే మొదట ఖరానా చేరతారు. అమ్మాన్‌కు అరవై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, చుట్టూ ఏమీ లేని మైదానంలో, ఒక్కో వైపు సుమారు 35 మీటర్లున్న చతురస్రాకారపు రెండంతస్తుల కట్టడం అది. గోడల్లోని సన్నని చీలికలను చూసి బాణాలు వేయడానికనుకుంటారు. నిజానికి మనిషి నిలబడి బాణం వేసేందుకు వీలైన ఎత్తులో అవి లేవు, గాలీ వెలుతురూ రావడానికి పెట్టినవి. మన విద్యార్థులు చూడవలసింది పై అంతస్తులో ఉంది. ఒక గదిలో గోడ మీద ఎవరో సిరాతో కూఫీ అనే పాత అరబిక్ లిపి శైలిలో రాసిన రాతలో హిజ్రీ 92 ముహర్రం నెల తేదీ ఉంది, అంటే క్రీస్తుశకం 710 చివర. కట్టడం అప్పటికే ఉందని చెప్పడానికి పండితులు ఈ రాతనే ఆధారంగా చూపుతారు. ఇంత చిన్న రాత కోసమా ఇంత దూరం వచ్చామని మొదట అనిపించవచ్చు. ముందుగానే ఆ రాత ప్రతిని సంపాదించి హైదరాబాద్‌లో చదివి వచ్చినవారికి మాత్రం ఆ గదిలోకి అడుగుపెట్టినప్పుడు ఒళ్లు జలదరిస్తుంది. సిరా వెలిసిపోయి ఉంటుంది కాబట్టి వేలితో చూపేటప్పుడు కూడా గోడకు దూరంగా నిలబడాలి.

అక్కడి నుంచి ఇంకాస్త తూర్పున ఖుసైర్ అమ్రా. 1985లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన ఈ కట్టడం ఒక చిన్న సభామందిరం, దానికి ఆనుకుని స్నానాల గదులు. గోడల నిండా వేటగాళ్లు, సంగీతకారులు, స్నానం చేసే స్త్రీలు, పనివారు. ఇస్లాం తొలి కాలంలో మనుషుల బొమ్మలే ఉండేవి కావనుకుని వచ్చినవారికి ఇది పెద్ద పాఠం. లోపల చోటు తక్కువ. సగం మంది లోపల ఉన్నప్పుడు మిగతా సగం బయట బావినీ, నీళ్లు తోడే ఏర్పాటునూ చూసి, అరగంట తరువాత మారాలి.

లోపల మూడింటి మీద దృష్టి పెట్టాలి. మొదటిది ఆరుగురు రాజుల చిత్రం. ఇందులో కొందరి తలల పైన పేర్లు గ్రీకులోనూ అరబిక్‌లోనూ రాశారు. బైజాంటియం (తూర్పు రోమన్ సామ్రాజ్యం) చక్రవర్తి కైసర్, స్పెయిన్ రాజు రొడెరిక్, పర్షియా చక్రవర్తి కిస్రా, అబిసీనియా (ఇథియోపియా) రాజు నజాషీ అని పండితులు గుర్తించారు. చిత్రం బాగా దెబ్బతింది, కంటికి కనిపించేది కొద్దిగానే. అయినా ఒకే పేరును రెండు లిపుల్లో పక్కపక్కన రాయించిన కాలం ఎలాంటిదో భాష చదివేవారికి వేరే చెప్పనక్కరలేదు. రెండోది వేడినీటి గది గుమ్మటం మీది ఆకాశ చిత్రం. రాశిచక్రం, నక్షత్ర మండలాల బొమ్మలు వంపు తిరిగిన కప్పు మీద చిత్రించినవాటిలో మిగిలిన అతి పాతవాటిలో ఇది ఒకటి. ఆ నక్షత్రాల అరబిక్ పేర్ల జాబితాను ఒక జత ముందే తయారుచేసుకుని వస్తే, గుమ్మటం కింద నిలబడి అందరికీ చదివి వినిపించవచ్చు. మూడోది 2012లో గోడలను శుభ్రం చేస్తున్నప్పుడు బయటపడిన శాసనం. అల్-వలీద్ ఇబ్న్ యజీద్ కోసం దేవుణ్ణి వేడుకునే ప్రార్థన అది. ఆయన 743లో ఖలీఫా అయ్యాడు. శాసనంలో ఖలీఫా బిరుదు లేదు కనుక కట్టడం ఆయన యువరాజుగా ఉన్న కాలం నాటిదని నిర్ధారించారు. ఒక్క బిరుదు లేకపోవడం నుంచి కాలాన్ని తేల్చడం ఎలాగో తరగతిలో ఎంత చెప్పినా, ఆ అక్షరాల కింద నిలబడి విన్నప్పుడే పట్టుబడుతుంది. ఫ్లాష్ వాడకూడదు, రంగుల మీద టార్చ్ వేయకూడదు.

మధ్యాహ్నం అజ్రక్‌లో భోజనం చేసి కోట చూడాలి. నల్లని బసాల్ట్ రాతి కోట. రోమన్ల కాలపు పునాదుల మీద అయ్యూబీ రాజవంశపు గవర్నరు ఇజ్జుద్దీన్ ఐబక్ 1237 ప్రాంతంలో పునర్నిర్మించిన సంగతి ద్వారం మీది అరబిక్ శాసనంలో ఉంది. అమ్రా శాసనానికీ దీనికీ మధ్య ఐదు వందల ఏళ్లలో లిపి ఎంత మారిందో ఒకే రోజు చూడగలగడం ఈ దారిలోని గొప్ప సౌకర్యం. 1917-18 చలికాలంలో 'లారెన్స్ ఆఫ్ అరేబియా'గా పేరుపొందిన బ్రిటిష్ సైనికాధికారి టి.ఇ. లారెన్స్ ఇక్కడ బస చేశాడు కనుక గైడ్లు ఆయన గదినే ఎక్కువసేపు చూపుతారు. మనం ద్వారం దగ్గరే ఎక్కువసేపు ఉందాం. ఒకప్పుడు అజ్రక్‌లో పెద్ద చిత్తడి నేల ఉండేది. నగరాలకు నీటిని తోడుకుపోవడంతో 1990ల తొలినాళ్లకు దాదాపు ఎండిపోయింది, ఇప్పుడు కొంత భాగాన్ని కాపాడుతున్నారు. వేళ మిగిలితే హల్లాబాత్‌లో ఆగి, బైజాంటియం చక్రవర్తి అనస్తాసియస్ ఆజ్ఞను గ్రీకులో చెక్కిన నల్లరాళ్లను చూడవచ్చు. చలికాలంలో త్వరగా మూసేస్తారు కాబట్టి దీనికోసం అమ్రాలో సమయం తగ్గించుకోవద్దు.

దక్షిణాన

పెట్రా గురించి రాసేవారు ఎందరో ఉన్నారు కనుక కొద్దిగానే చెబుతాను. లోయ దారి దాటి, కొండలో తొలిచిన ఖజానా అనే కట్టడం ముందు అందరూ ఆగిపోతారు, ఆగవలసిందే. రెండో రోజున మాత్రం ప్రధాన దారికి దూరంగా ఉన్న తుర్కమానియా సమాధికి స్థానిక గైడ్‌తో వెళ్లాలి. పెట్రాను కట్టిన నబాతియన్ల భాషలో అక్కడున్న అతి పొడవైన శాసనం దాని ముఖభాగం మీద ఉంది. అరబిక్ లిపి నబాతియన్ లిపి నుంచే రూపుదిద్దుకుంది కనుక, ముందుగా ఆ అక్షరమాలను పక్కపక్కన రాసుకుని వెళితే కొన్ని అక్షరాలను పోల్చుకోగలుగుతారు. కొండ మీది ఎద్-దైర్ కట్టడానికి సుమారు 800 మెట్లు ఎక్కాలి. మోకాళ్ల నొప్పులున్నవారిని బలవంతపెట్టవద్దు. పనిచేస్తున్న చిన్నపిల్లల దగ్గర వస్తువులు కొంటే వారు బడికి దూరమవుతారు. కొనాలంటే పెద్దల దుకాణాల్లో కొనండి.

వాదీ రమ్‌లో యునెస్కో లెక్క ప్రకారం సుమారు 20,000 శాసనాలున్నాయి. ఖజలీ లోయ గోడల మీద వాటిలో కొన్నిటిని సులువుగా చూడవచ్చు. ఇవి ఎక్కువగా సాధారణ మనుషులు గీసినవి, 'ఫలానావాడు, ఫలానావాడి కొడుకు' అన్న వరుసలో ఉంటాయి. అచ్చులు ఉండవు, రాత ఏ దిక్కుకైనా తిరుగుతుంది. ఒసియానా అనే ఉచిత ఆన్‌లైన్ భాండాగారంలో ఇలాంటి ఉత్తర అరేబియా శాసనాలు పాఠంతో సహా వేలకొద్దీ ఉన్నాయి; బయలుదేరే ముందు ఒక్కో జత ఓ పది చదివి రావాలి.

దారిలో, బసలో

హైదరాబాద్ ఎండకు అలవాటు పడ్డామన్న ధీమా ఎడారిలో పనికిరాదు. గాలి ఎంత పొడిగా ఉంటుందంటే చెమట పట్టగానే ఆరిపోతుంది, ఒళ్లు ఎండిపోతున్న సంగతి తెలియదు. దాహం వేయకపోయినా గంటగంటకూ నీళ్లు తాగించే పని ఒకరికి అప్పగించాలి. మనిషికి రోజుకు మూడు లీటర్లు, ఓఆర్ఎస్ పొట్లాలు, కాళ్లను పూర్తిగా కప్పే బూట్లు ఉండాలి. రాత్రి చలి వేస్తుంది కనుక స్వెట్టరు తప్పనిసరి. ఒళ్లు కప్పే వదులైన బట్టలు ఎండకూ మంచివే, అక్కడి మర్యాదకూ తగినవే. చున్నీ గానీ పెద్ద కండువా గానీ దుమ్ముగాలిలో అందరికీ పనికొస్తుంది. శాకాహారులకు హుమ్ముస్, ఫూల్, ఫలాఫెల్, ముజద్దరా ఎక్కడైనా దొరుకుతాయి. ఎవరైనా మన్సఫ్‌కు పిలిస్తే, అందులో మాంసం ఉంటుందని తెలిసే వెళ్లాలి.

భాష విషయంలో ఒక నియమం బాగా పనిచేస్తుంది. పొద్దున బస్సెక్కినప్పటి నుంచి మధ్యాహ్న భోజనం వరకు అందరూ అరబిక్‌లోనే మాట్లాడాలి. సాయంత్రం మాత్రం తెలుగైనా ఉర్దూ అయినా ఇష్టం. ఆరోగ్యం, భద్రత, డబ్బు సంగతులు ఎప్పుడూ అందరికీ బాగా వచ్చిన భాషలోనే మాట్లాడాలి. కోటల దగ్గర కాపలాదారులను, డ్రైవర్లను 'యఅతీక్ అల్-ఆఫియా' (దేవుడు మీకు ఆరోగ్యమివ్వాలి) అని పలకరించండి, పని చేస్తున్నవారిని అలా పలకరించడం అక్కడి అలవాటు. 'అల్లాహ్ యఆఫీక్' అని జవాబు వస్తుంది, ఆ తరువాత సంభాషణ దానంతటదే సాగుతుంది. బృందంలో నెమ్మదిగా మాట్లాడేవారికి మొదటి పలకరింపు బాధ్యత అప్పగించండి. ధారాళంగా మాట్లాడేవారు ముందుకు దూకితే మిగతావారు నోరు విప్పరు.

ప్రతి రాత్రీ బసకు చేరాక అరగంట కూర్చుని, ఆ రోజు గీసుకున్న బొమ్మలనూ, చదివిన పాఠాలనూ జతలు ఒకరివి ఒకరు సరిచూసుకోవాలి. భిన్నాభిప్రాయం వచ్చిన చోట రెండు పాఠాలనూ ఉంచి, ఎవరిది ఏదో పేరు రాయాలి. హైదరాబాద్ తిరిగి వచ్చిన రెండు వారాల్లోగా, ఇంకా జ్ఞాపకాలు పచ్చిగా ఉండగానే, ఫొటో, బొమ్మ, పాఠం, తెలుగు అనువాదం ఒకే పేజీలో వచ్చేటట్టు అన్నిటినీ ఒక ఫైలుగా కూర్చి ఉపాధ్యాయుల చేత దిద్దించాలి. ఒక ప్రతిని శాఖ గ్రంథాలయంలో ఉంచితే తరువాతి బృందం తన ఆదివారాల అభ్యాసాన్ని దానితోనే మొదలుపెట్టవచ్చు.